నలభై ఎనిమిది గంటల్లో ఆట: బందరు ఇంటి చిట్కాలు

లడమ్ డేర్ అనే పోటీ 2002 నుంచి నడుస్తోంది. ఇచ్చిన అంశం మీద ఒక్క వారాంతంలో కంప్యూటర్ ఆట చేసి పెట్టాలి. ఒంటరిగా చేసే ‘కాంపో’కి 48 గంటలు, జట్టుగా చేసే ‘జామ్’కి 72. డబ్బు బహుమతి లేదు, మార్కులే. బందరులో ఇంట్లో కూర్చుని, దెబ్బలు తిని నేర్చుకున్నవి రాస్తున్నా. గుడివాడలోనో అవనిగడ్డలోనో ఎవరికైనా పనికొస్తాయి.

1. కొత్త సాఫ్ట్‌వేర్ పోటీ రోజున ముట్టుకోవద్దు. పెళ్లినాడు కొత్త పొయ్యి వెలిగించినట్టే. మామూలు లాప్‌టాప్‌కి ‘గోడో’ అనే ఆటలు తయారుచేసే సాఫ్ట్‌వేర్ చాలు. ఉచితం, ఇన్‌స్టాల్ గొడవ కూడా లేదు. జిప్ విప్పి నొక్కితే తెరుచుకుంటుంది.

2. ఆట బ్రౌజర్లోనే ఆడేలా ఉండాలి. మార్కులు వేసేది తోటి పోటీదారులే. ఊరూపేరూ తెలియనివాడి ఫైలు దించుకునే ఓపిక ఎవరికుంటుంది? గోడో 4లో సీషార్ప్ భాషతో రాసిన నా ఆట బ్రౌజర్‌కి ఎక్స్‌పోర్ట్ కాలేదు. ఆ సంగతి నాకు తెలిసింది ఆదివారం రాత్రి పదకొండింటికి. గోడో సొంత భాష జీడీస్క్రిప్ట్‌లో రాయండి. శనివారం భోజనానికి లేచేలోపు, తెర మీద ఒక డబ్బా అటూ ఇటూ కదులుతున్న దశలోనే, ఒకసారి అప్‌లోడ్ చేసి చూసుకోండి.

3. తెలుగు అక్షరాలు పెట్టేవాళ్లు గోడో 3 జోలికి పోవద్దు. ‘కృష్ణ’ అని రాస్తే ణవత్తు కిందికి దిగదు. ష పొల్లుతో ఆగిపోయి, పక్కన ణ విడిగా నిలబడుతుంది. 4లో ఇది బాగుపడింది. ఫాంటు మాత్రం మీరే జతచేయాలి, లేకపోతే బ్రౌజర్లో ఖాళీ గళ్లు వస్తాయి. సిలికానాంధ్ర విడుదల చేసిన రామభద్ర, మండలి ఉచితమే.

4. ఆటలో నేల, నీళ్లు, గోడల టైళ్లు గీయడానికి ఒకసారి పెడన వెళ్లి కలంకారీ అచ్చులు చూసి రండి. జానెడు చెక్క అచ్చుతో గజాలకు గజాలు గుడ్డ నింపేస్తారు. ఒక అచ్చు కుడి అంచులో తెగిన తీగ, పక్క అచ్చు ఎడమ అంచులో అందుకోవాలి. 16 పిక్సెళ్ల టైలుకీ అదే లెక్క. ముందు అంచులు కలపండి, నడుమ పువ్వు తర్వాత.

5. కరెంటు పోతుంది. పోతుందనే అనుకోండి. గంటకోసారి పెన్‌డ్రైవ్‌లోకి కాపీ.

6. కాంపోలో శబ్దాలు కూడా మీవే అయి ఉండాలి. ఎస్ఎఫ్ఎక్స్ఆర్ అనే చిన్న పనిముట్టు 2007 డిసెంబరులో ఈ పోటీ కోసమే పుట్టింది. మీటలు నొక్కుతూ పోతే దూకిన, పేలిన, నాణెం దొరికిన చప్పుళ్లు వస్తాయి. నాకు మాత్రం వంటిల్లే ఇష్టం. స్టీలు బేసిన్లో రెండు చెంబుల నీళ్లు పోసి, అంచు మీద గరిటెతో కొట్టి, మోగుతుండగానే బేసిన్ని వంచితే మోత సాగి సాగి వంకర తిరుగుతుంది. ఫోన్లో రికార్డు చేసి ఆడాసిటీ అనే సాఫ్ట్‌వేర్‌లో వేగం తగ్గిస్తే గుడిగంట. మా ఆవిడ ఆ బేసిన్ కోసం ఇల్లంతా వెతికింది, అది వేరే కథ.

7. ఆట చిన్నదిగా అనుకోండి, తర్వాత దాన్లో సగం తీసేయండి. దివిసీమ మొత్తం చూపిద్దామని మొదలుపెట్టాను. చివరికి మిగిలింది ఒక పడవ, రెండు రేవులు. అదేం తక్కువ కాదు. 2018 డిసెంబరు పోటీలో డేనియల్ ముల్లిన్స్ చేసిన చిన్న పేకముక్కల ఆటే పెరిగి 2021లో ‘ఇన్‌స్క్రిప్షన్’గా అమ్మకానికొచ్చింది.

8. ఆట పంపగానే నిద్రపోండి, కానీ లేచాక పనుంది. దాదాపు 20 మంది మార్కులు వేస్తేనే ర్యాంకు వస్తుంది. మీరు నలుగురి ఆటలూ ఆడి రెండు ముక్కలు రాస్తే వాళ్లూ మీ గడపకి వస్తారు. సరదా, కొత్తదనం, బొమ్మలు, శబ్దం... విడివిడిగా 5కి ఇన్ని చుక్కలని వేస్తారు. నా పడవకి సరదాలో వచ్చినవి చెప్పుకునేట్టు లేవు. శబ్దానికి మాత్రం బాగానే పడ్డాయి. ఆ గంట ఏ గుడిదని ఒకాయన అడిగాడు కూడా.