డోలు ఏడ పాయె?

భద్రాచలం సీతారామ కల్యాణానికి ఉషశ్రీ గారు చెప్పిన ప్రత్యక్ష వ్యాఖ్యానాన్ని రేడియోలో విని పెరిగినవాళ్ళం మేము. అలాంటిది మనమూ చేద్దామని 1986లో ఒక సరదా పుట్టింది. శామీర్‌పేట దగ్గర లాల్‌గడి మలక్‌పేట్‌లో ఒగ్గుకథ జరుగుతుంటే, దాన్ని టెలిఫోన్ లైను మీద మా కాలేజీ హాలుకు పంపాలని మా పథకం.

మైకు తీగను నేరుగా లైనుకు తగిలించరాదు. ఎక్స్ఛేంజి నుంచి వచ్చే 48 వోల్టుల డి.సి. అందులో ఉంటుంది. అందుకని అనుమతి తీసుకుని, మధ్యలో 600 ఓముల ట్రాన్స్‌ఫార్మర్ పెట్టాం. "హలో, ఒకటి, రెండు, మూడు" అంటే అవతల శుభ్రంగా వినిపించింది. ఇంకేం, గెలిచామనుకున్నాం!

కథ మొదలైంది. హాల్లో మాట వినిపించింది, తాళాలు వినిపించాయి. డోలు మాత్రం అట్టపెట్టె మీద కొట్టినట్టు టకటకలాడింది. అక్కడ రికార్డు చేసిన కాసెట్టును తర్వాత తీసుకెళ్ళి డోలు వాయించిన పెద్దాయనకు వినిపించాం. ఆయన చివరిదాకా విని, "నా డోలు ఏడ పాయె బిడ్డా?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు.

జవాబు ఇది. మామూలు టెలిఫోన్ 300 నుంచి 3400 హెర్ట్‌జ్ వరకే మోస్తుంది. మగవారి గొంతు మూలస్వరం సుమారు 120 దగ్గర ఉన్నా, పైన మిగిలిన అనుస్వరాలను బట్టి మన చెవి దాన్ని పూరించుకుంటుంది. డోలు అనుస్వరాలకు అంత చక్కటి లెక్క ఉండదు. కనుక పోయిన గుమికి పోయినట్టే.

దీనికి రేడియో ఇంజనీర్లు ఒక ఉపాయం కనిపెట్టారు. పంపేచోట ప్రతి పౌనఃపున్యానికీ 250 హెర్ట్‌జ్ కలుపుతారు, స్టూడియోలో అంతే తీసేస్తారు. 50 హెర్ట్‌జ్ ధ్వని 300గా మారి లైను దాటుతుంది. పైన 3150 నుంచి 3400 వరకు పోతుంది. లెక్క చూడండి: కింద వచ్చింది రెండున్నర స్థాయిలు, పైన పోయింది స్థాయిలో పదోవంతు. ఎంత లాభసాటి బేరం! ఈ సంగతి నాకు తెలిసేసరికి చాలా ఏళ్ళు గడిచాయి.

ఇవాళ వోల్టీ కాల్‌లో రెండు వైపులా వీలుంటే 50 నుంచి 7000 దాకా వెళుతుంది. అయినా ఆ ఏర్పాటు మనిషి గొంతును దృష్టిలో పెట్టుకుని చేసింది, డోలును కాదు.

కాబట్టి విద్యార్థి మిత్రులారా, డోలు పంపబోతూ "హలో"తో పరీక్ష చేయకండి. డోలే కొట్టించి, అవతలివాళ్ళను ఏం వినిపించిందో అడగండి. ఆ పెద్దాయనకు ఈ జవాబు చెప్పే అవకాశం నాకు మళ్ళీ దొరకలేదు. అందుకే మీకు చెబుతున్నాను.