బ్రౌజరులో ఉత్తర ప్రత్యుత్తరములు

ప్రోటోకాలు, హోస్టు, పోర్టు ఈ మూడింటి కలయికయే ఆరిజిన్. ఆరిజిన్ వేరైన రెండు పుటలు ఒకే తెరపై ఇమిడియున్నను ఒకదాని లోపలి విషయమును మరొకటి చదువజాలదు. వాటి నడుమ ఉత్తరము నడపునది పోస్ట్‌మెసేజ్.

దీనికై మేము వ్రాసిన కోడు మొదట ఒక గ్లోబల్ పేరుతో ఉండెను. తరువాత వచ్చిన వేరొక స్క్రిప్టు అదే పేరు వాడి దానిని తుడిచివేసినది. అందుచే 2015 నాటి ఎక్మాస్క్రిప్ట్ మాడ్యూలు పద్ధతి ననుసరించి, పంపుట, వినుట అను రెండు ఫంక్షన్లను మాత్రమే ఎక్స్‌పోర్టు చేసి, తక్కినవి లోపలనే ఉంచితిమి.

అసలు చిక్కు అది కాదు. చిరునామా స్థానమున నక్షత్రపు గుర్తు ఉంచినచో, ఆ ఫ్రేములోనికి ఏ పుట వచ్చి చేరినను ఉత్తరము దానికే అందును. కనుక మా మాడ్యూలు చిరునామా లేనిదే పంపదు. ఆరిజిన్ సరిచూడనిదే వచ్చిన ఉత్తరమును తెరువదు. వాడువారికి ఇది కొంత విసుగే. అయినను ఆ పరీక్షను వారి జ్ఞాపకశక్తికి విడుచుట మాకు సమ్మతము కాలేదు.