పాత కంప్యూటర్‌కు ఏ డౌన్‌లోడర్ మేలు?

ప్రశ్న: మా పాత కంప్యూటర్‌లో 1 జీబీ ర్యామే ఉంది. లినక్స్ వేశాం. బ్రౌజర్‌లో పెద్ద ఫైళ్లు దించుతుంటే మధ్యలోనే ఆగిపోతున్నాయి. టెర్మినల్ నుంచి దించుకోవడానికి ఏది మంచిదండీ?

జవాబు: ముందు డబ్ల్యూగెట్ వాడి చూడండి. 1996 నుంచి ఉన్న ఈ ఉచిత ప్రోగ్రాం చాలా లినక్స్‌లలో ముందే ఉంటుంది. కమాండ్‌లో హైఫన్, పక్కనే చిన్న సి చేర్చితే, నెట్ పోయి వచ్చినా ఆగిన చోటు నుంచే అందుకుంటుంది. అయితే సర్వర్ అందుకు ఒప్పుకోవాలి.

ఒకే ఫైల్‌ను పలు కనెక్షన్లతో దించాలన్నా, టోరెంట్లు కావాలన్నా ఏరియా2 వేసుకోండి. డిస్క్ క్యాష్ ఆపేస్తే మామూలు డౌన్‌లోడ్‌కు సుమారు 4 ఎంబీ, టోరెంట్‌కు 9 ఎంబీ మెమరీ చాలు. పాత హార్డ్‌డిస్క్‌లో ఫైల్‌కు ముందుగా చోటు కేటాయించడానికే ఆలస్యమవుతుంటే, ఫైల్ అలొకేషన్‌ను ‘నన్’ అని పెట్టండి.

ఏది వాడినా దాన్ని అప్‌డేట్ చేసుకోండి. మరీ పాత వెర్షన్లు నేటి సురక్షిత సైట్లకు కనెక్ట్ కాకపోవచ్చు. మీ అవసరానికి డబ్ల్యూగెట్ సరిపోతుంది.