ఊరి పంట – ఊరి కాయకము – మఠ దాసోహము

వరంగల్ నగరమునకు చేరువనున్న ఎనుమాముల వ్యవసాయ మార్కెట్, ఆసియా ఖండమున రెండవ పెద్ద మార్కెట్ అని పేరొందినది. పత్తి, మిర్చి, మొక్కజొన్న, పసుపు, కందులు, పెసలు, వేరుశనగ ఇచటికి వచ్చును. హమాలీలు బస్తాలు దింపుదురు. దడ్వాయిలు తూకము వేయుదురు. అడ్తిదారుల యొద్ద బేరము సాగును. అటుపిమ్మట సరకు లారీలకెక్కి దూరప్రాంతములకు తరలును. ఇంతటి పంట చేతులు మారుచున్నను, చుట్టుపట్ల గ్రామముల యువకులు పని వెదకుకొనుచు హైదరాబాదునకు పోవుచున్నారు. కంది పండించిన ఇంటిలోనే పప్పు కొని వండుకొనుచున్నారు. దీనికి కారణమేమి, ఉపాయమేమి అను విషయమును శరణుల కాయక దాసోహ తత్త్వముల వెలుగులో విచారించుట ఈ పాఠము యొక్క ఉద్దేశము.

1. పంటతో పాటు పనియు తరలిపోవుట

కంది చేను విడచునపుడు గింజయై పోవును. వంటింటికి పప్పై తిరిగి వచ్చును. నడుమ చెరుగుట, నానబెట్టుట, నూనె పట్టించుట, ఎండబెట్టుట, పగులగొట్టుట, జల్లించుట, సంచులకెత్తుట అను పనులు గలవు. ఇవన్నియు అన్యప్రదేశమున జరిగినచో ఆ కూలియు అచటనే నిలిచిపోవును. పూర్వము ఈ పనులు ఇంటి విసుర్రాతితో ఊరిలోనే జరిగెడివి.

వరంగల్ చపాటా మిర్చికి 2025లో భౌగోళిక గుర్తింపు లభించినది. టమాటను బోలిన ఈ కాయకు కారము తక్కువ, ఎరుపు మెండు. ఆ రంగును తీసి ఆహారపదార్థములలో వాడుదురు. కీర్తి ఈ నేలదియే. కాని కాయను దంచి పొడిచేయు పనియు, రంగు తీయు పనియు ఇచట పెరుగనిచో, ఈ నేలకు దక్కు కూలి కాయ కోతతోనే ముగియును.

2. మిగులు లేని చేను నిలువదు

సేద్యమున మిగులు కానరాని రైతునకు పొలము భారముగా తోచును. నగరము సమీపించినకొలది ఎకరములలో లెక్కించిన భూమిని గజములలో లెక్కింతురు; దుక్కి దున్నిన చోట హద్దురాళ్లు నాటుదురు. 2022లో వరంగల్ బాహ్యవలయ రహదారి వెంబడి భూసమీకరణకు ప్రకటన వెలువడగా రైతులు గట్టిగా ఎదిరించిరి. ఆ సంవత్సరమే ప్రభుత్వము ఆ యత్నమును విరమించెను. ఆందోళనవలన ఆనాడు పొలములు నిలిచినవి. అయినను పంట గిట్టుబాటు కానిచో, ఎవరును బలవంతపెట్టకయే రైతు తన చేనును తానే అమ్ముకొనును. కనుక భూరక్షణ యనునది న్యాయమైన ధరతో మొదలుకావలెను.

3. శరణులు చూపిన కొలత

పండ్రెండవ శతాబ్దమున బసవేశ్వరుడు కళ్యాణమున బోధించిన కాయకము కేవలము జీవనోపాధి కాదు. అది శుద్ధమైన శ్రమ. దాని ఫలమును సమాజమునకు అర్పించుట దాసోహము. పాల్కురికి సోమనాథుడు తెనుగున రచించిన బసవపురాణమున కుమ్మర గుండయ్య, మడివాలు మాచయ్య వంటి శ్రమజీవులు భక్తులలో అగ్రగణ్యులై వెలుగుదురు.

ఆయ్దక్కి మారయ్య కథ ధాన్యపు మార్కెట్ గల ప్రాంతమునకు మిక్కిలి తగినది. నేలరాలిన బియ్యపు గింజలను ఏరి తెచ్చుట అతని కాయకము. ఒకనాడు అతడు నిత్యము తెచ్చుదానికంటె అధికముగా తేగా, భార్య లక్కమ్మ ఆ అధికమును మరల అచటనే విడిచి రమ్మని పంపెను. ఆ యిల్లాలి కొలత అమ్మువారికిని కొనువారికిని సమానముగా వర్తించును. పసుపులోను కారములోను కల్తీ చేయువాడు ఎట్లు కాయకభ్రష్టుడో, రైతు అవసరమును ఆసరాగొని ధర తెగగోయువాడును అట్లే.

4. జహీరాబాదు స్త్రీల యుదాహరణము

వీరశైవ కుటుంబములు అధికముగా గల జహీరాబాదు ప్రాంతమున, పస్తాపూరు కేంద్రముగా దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ 1983లో ఏర్పడినది. దాని సంఘములలోని స్త్రీలలో పెక్కురు పేద దళిత కుటుంబములవారు. వీరు బీడు భూములను సాగులోనికి తెచ్చిరి. సేద్యమునకు సాయము పొందిన రైతులు ఆ ఋణమును జొన్నల రూపమున తీర్చిరి. ఆ ధాన్యమును ఊరిలోనే నిలువచేసి, నిరుపేదలెవరో ఊరివారే నిర్ణయించి, వారికి తక్కువ ధరకు ఇచ్చిరి. బీడు పంటచేనైనది, కూలి దొరకినది, గింజ ఊరు దాటలేదు. ఈ స్త్రీల కృషికి 2019లో ఈక్వేటర్ పురస్కారము లభించినది.

5. మఠమే మొదటి కొనుగోలుదారు

1999 జనవరి 26న ఆరంభమైన రైతుబజారులు కూరగాయలను రైతునుండి నేరుగా గృహిణికి చేర్చినవి. పప్పు, నూనె, కారమునకు మాత్రము నడుమ ఒక గిర్ని కావలెను. చిన్న గిర్ని పెట్టుటకంటె దానిని నిలుపుట కష్టము. కందులు పుష్యమాఘములలో ఒక్కుమ్మడిగా వచ్చును. ఏడాదికి సరిపడు సరకు అప్పుడే కొనవలెను. పురుగు పట్టకుండ కాపాడవలెను. కావున పెట్టుబడితో పాటు నమ్మకమైన కొనుగోలుదారు అవసరము. 2020లో కేంద్రప్రభుత్వము ఆరంభించిన చిన్న ఆహారశుద్ధి పరిశ్రమల పథకము, 10 లక్షల రూపాయల మితికి లోబడి 35 శాతము సబ్సిడీ నిచ్చెను. అట్టి సాయము యంత్రమును తేగలదు. ఏటేట సరకు కొనువారిని తేలేదు.

ఈ లోటును దాసోహము తీర్చగలదు. దినమునకు 100 మందికి అన్నము పెట్టు మఠమును ఉదాహరణగా తీసికొనవచ్చును. మనిషికి 50 గ్రాముల చొప్పున దినమునకు 5 కిలోలు, ఏడాదికి 1,825 కిలోల పప్పు కావలెను. నూరు కిలోల కందులకు సుమారు 70 కిలోల పప్పు దిగును. అనగా 26 క్వింటాళ్ల కందులు కావలెను. వర్షాధారపు చేను ఎకరమునకు 4 క్వింటాళ్లు పండుననుకొన్నచో, ఇది ఆరున్నర ఎకరముల పంట. ఇట్టి మఠములు పది కలిసిన 65 ఎకరములకు కొనుగోలు నిశ్చయమగును. పొట్టు, నూక పశువుల దాణాగా ఊరిలోనే మిగులును. కంది వేళ్లు నత్రజనిని నిలిపి నేలకును బలము నిచ్చును.

మఠములు విత్తుటకు ముందే ఏడాది అవసరమును లెక్కగట్టి, ధరలో కొంత ముందుగా నీయవలెను. కుటుంబములు నాలుగైదు కలిసి పప్పును, నూనెను ఊరి గిర్నినుండి తీసికొనవలెను. గిర్ని నడుపువారు తూకమును, శుద్ధిని తప్పరాదు.

చింతనకు ప్రశ్నలు

1. గృహమున గాని, మఠమున గాని ఏడాదికి ఎంత పప్పు, నూనె, కారము వ్యయమగుచున్నది? అందులో సమీప గ్రామములనుండి వచ్చునది ఎంత?

2. ఆ పంటలను పండించు రైతులు, శుద్ధిచేయగల స్త్రీలు ఊరిలో ఎందరు గలరు?

3. లక్కమ్మ కొలతతో చూచిన, రైతునకును కూలివారికిని ఈయదగిన ధర ఎట్లు నిర్ణయింపవలెను?

వచ్చు విత్తుల కాలమునకు ముందే ఈ ప్రశ్నలకు లెక్కలతో సమాధానము వ్రాసికొని, మఠమున కూడి చర్చించినచో ఈ పాఠము సార్థకమగును.