వేలములో పోటీ – పంచాయతీ సొమ్ముకు కాపుదల

వారపు సంత ఆశీలు వేలము నాడు పంచాయతీ కార్యాలయము ముందు పదిమంది చేరుదురు. సర్కారు పాట చదువగానే ఒకరు నూరు రూపాయలు హెచ్చించి పాడుదురు. తక్కిన తొమ్మండుగురును మౌనము వహింతురు. మూడుసార్లు పిలిచి పాట ఖాయము చేయుదురు. పాట దక్కించుకొన్నవాడు ఆ సాయంత్రమే తక్కినవారికి కొంత సొమ్ము పంచిపెట్టెనని మరునాటికి ఊరంతటికిని తెలియును.

“వ్యాపారులు తమలో తాము సర్దుకొన్నారు, ఇందు తప్పేమున్నది?” అని కొందరనుకొందురు. ఇది పొరపాటు. వారు పంచుకొన్నది తమ సొమ్ము కాదు. వీధిదీపములకు, మంచినీటి పంపునకు, మురుగుకాలువలకు చేరవలసిన ఊరి సొమ్ము. జనులు ‘రింగు’ అని పిలుచు ఈ పద్ధతిని చట్టము నిషేధించియున్నది. ఈ చట్టమును గూర్చియు, ఇటీవల దానిలో వచ్చిన మార్పులను గూర్చియు పంచాయతీ సభ్యులు తెలిసికొనుట అవసరము.

చట్టము పుట్టుక

వ్యాపారములో గుత్తాధిపత్యమును అరికట్టుటకు మన దేశమున 1969లో ఒక చట్టము చేయబడి, 1970 జూన్ 1 నుండి అమలులోనికి వచ్చినది. ఆ చట్టము వలన తెలుగు రైతులకు కలిగిన మేలు ఒకటి జ్ఞాపకముంచుకొనదగినది. బీటీ పత్తి విత్తనముల 450 గ్రాముల ప్యాకెట్టుపై మహికో–మొన్సాంటో కంపెనీ 1,250 రూపాయలు సాంకేతిక రుసుముగా వసూలు చేయుచుండెను. నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము ఆ చట్టము క్రింద ఏర్పడిన కమిషనుకు ఫిర్యాదు చేసినది. రుసుమును సమంజసమైన స్థాయికి తగ్గించుమని 2006 మే నెలలో కమిషను మధ్యంతరముగా ఆదేశించినది. రాష్ట్ర ప్రభుత్వము ప్యాకెట్టు ధరను 750 రూపాయలుగా నిర్ణయించినది.

తరువాత ఆ పాత చట్టము స్థానమున 2002 నాటి పోటీ చట్టము వచ్చినది. దీనిలోని ముఖ్యమైన నిషేధములు 2009 మే 20 నుండి అమలు జరుగుచున్నవి. న్యూఢిల్లీలోని భారత పోటీ కమిషను దీనిని అమలు జరుపును. ధరలు కూడబలుకుకొనుట, సరకును బిగబట్టుట, ఊళ్లను వాడలను పంచుకొనుట, టెండర్లలోను వేలములోను కుమ్మక్కగుట – ఈ నాలుగును చట్టములోని 3వ సెక్షను క్రిందికి వచ్చును. బజారులో పెత్తనముగల సంస్థ ఆ పెత్తనమును దుర్వినియోగము చేయుట 4వ సెక్షను క్రింద నేరమగును.

గోదాము బిళ్ళల కథ

ధాన్యపు గోదాములలో పురుగును చంపుటకు అల్యూమినియం ఫాస్ఫైడు బిళ్ళలు వాడుదురు. 2009 మే నెలలో భారత ఆహార సంస్థ వీటికై టెండర్లు పిలువగా, మూడు కంపెనీలు కిలోకు సరిగా 388 రూపాయలే కోరినవి. కర్మాగారములు వేరు, ఖర్చులు వేరు. ధర మాత్రము రూపాయి తేడా లేక ఒక్కటియే! ఆహార సంస్థ 2011లో ఫిర్యాదు చేసినది. విచారణ జరిపి, 2012 ఏప్రిల్‌లో కమిషను ఆ కంపెనీల మూడేండ్ల సగటు టర్నోవరుపై నూటికి 9 వంతున జరిమానా విధించినది. 2017 మే 8న సుప్రీంకోర్టు కుమ్మక్కు నిజమేనని నిర్ధారించినది. అయితే కంపెనీ అమ్ము అన్ని సరకులపై గాక, ఆ బిళ్ళల అమ్మకముపై మాత్రమే జరిమానా లెక్కింపవలెనని తీర్పు చెప్పినది. జరిమానా మిక్కిలి తగ్గిపోయినది.

2023లో పార్లమెంటు చట్టమును సవరించుటతో ఈ పరిస్థితి మారినది. 2024 మార్చి 6 నుండి, జరిమానాకు గరిష్ఠ పరిమితిని కంపెనీ ప్రపంచమంతట సాగించు మొత్తము వ్యాపారముపై లెక్కింతురు. కుమ్మక్కులో చేరక, దానిని వెనుకనుండి నడిపించు మధ్యవర్తియు ఇప్పుడు బాధ్యుడే. కుమ్మక్కులో నున్నవాడు ముందుగా వచ్చి నిజము చెప్పి సహకరించినచో, అతని జరిమానాను తగ్గించుటకు, పూర్తిగా తీసివేయుటకు కూడ వీలున్నది. ఫిర్యాదును మాత్రము మూడు సంవత్సరములలోగా చేయవలెను.

పల్లెలకు సంబంధించిన పనులలోను కమిషను జోక్యము చేసికొన్నది. ఉత్తరప్రదేశ్ వ్యవసాయశాఖవారి భూసార పరీక్షల టెండర్లలో కుమ్మక్కైన సంస్థలకు 2022లో జరిమానా విధించినది.

తొందరపాటు కూడదు

ధరలు ఒక్కటైనంత మాత్రమున నేరము రుజువైనట్లు కాదు. ఇండియన్ ఆయిల్ కార్పొరేషనుకు గ్యాసు సిలిండర్లు అమ్ము కంపెనీలు 2010 నాటి టెండరులో ఒకే విధమైన ధరలు కోరినవని కమిషను జరిమానా వేసినది. సుప్రీంకోర్టు 2018 అక్టోబరు 1న దానిని కొట్టివేసినది. కొనువారు చాల కొద్దిమందియగు బజారులో ధరలు సహజముగానే దగ్గరపడునని కోర్టు అభిప్రాయము. కావున ధరల సామ్యము అనుమానమునకు కారణము మాత్రమే. తక్కిన సాక్ష్యములు దానికి తోడుకావలెను.

సభ్యులు చేయవలసినవి

రెండు మూడు టెండర్లలో ఒకే చేతివ్రాత, ఒకే అచ్చుతప్పులు కనబడుచున్నవా? ధరావతు డ్రాఫ్టులు ఒకే బ్యాంకులో వరుస నంబర్లతో తీసినవా? ఏటేట వంతులవారీగా ఒక్కొక్కరికే పాట దక్కుచున్నదా? ఓడినవాడే గెలిచినవాని క్రింద పని చేయుచున్నాడా? ఇట్టివి కనబడిన కాగితములను, కవర్లను, హాజరుపట్టీని భద్రపరుపవలెను.

వేలమును దండోరా వేయించి, పొరుగు గ్రామములకు కూడ తెలియజేయవలెను. గడచిన సంవత్సరముల ఆదాయమును చూచి సర్కారు పాట నిర్ణయింపవలెను. పాట తక్కువైనచో దానిని ఖాయపరుపక మరల వేలము వేయు హక్కును షరతులలో ముందే వ్రాసికొనవలెను. అనుమానము బలపడినపుడు తీర్మానము చేసి జిల్లా పంచాయతీ అధికారికి తెలుపవలెను. పోటీ కమిషనుకు ఏ వ్యక్తియైనను నిర్ణీత రుసుముతో సమాచారమీయవచ్చును. రాష్ట్ర ప్రభుత్వము కూడ వ్యవహారమును కమిషనుకు నివేదింపవచ్చును.

ఒక్కమాట చెప్పక తప్పదు. రింగు చాలచోట్ల సభ్యులకు తెలియకయే జరుగదు. బంధువు పాడుచున్నాడని ఒకరు, వాటా వచ్చునని మరియొకరు చూచి చూడనట్లు ఊరకుందురు. ఇది కంచె చేను మేసినట్లే యగును. ఢిల్లీలోని కమిషను ప్రతి సంత వేలమునకు రాజాలదు. అక్కడ కూర్చున్న సభ్యుడు లేచి, “ఈ పాట న్యాయమైనది కాదు, మరల వేయుడు” అనుటయే ఊరి సొమ్ముకు మొదటి కాపుదల.