పులికాట్ ఒడ్డున మూడు ప్రశ్నలు

2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు ఏర్పడ్డాక మన తిరుపతి జిల్లాకి సముద్రం వచ్చింది. అప్పటిదాకా నెల్లూరు జిల్లాలో ఉన్న సూళ్లూరుపేట ప్రాంతం మనలో కలిసింది. దాంతో చిత్తూరు జిల్లా నుంచి వచ్చిన శ్రీసిటీ, నెల్లూరు నుంచి వచ్చిన పులికాట్ సరస్సు ఇప్పుడు ఒకే కలెక్టరు కింద ఉన్నాయి. ఒకటి మనకి ఉద్యోగాలిచ్చే చోటు, ఇంకోటి ఫ్లెమింగోలు దిగే చోటు. రెండింటికీ మధ్య చెన్నై హైవే.

దీని గురించి మా హాస్టల్లో మాట మొదలైతే చాలు, రెండు జట్లు తయారవుతాయి. "కొంగలకోసం ఫ్యాక్టరీలు ఆపుతారా?" అని ఒక జట్టు. "డబ్బుకోసం ప్రకృతిని చంపుతారా?" అని ఇంకో జట్టు. అరగంట గట్టిగా అరుచుకుని, మెస్ టైమ్ అవగానే లేచి వెళ్ళిపోతారు. ఈ వ్యాసంలో ఆ గొడవని కాస్త పద్ధతిగా విడదీసి చూద్దాం అనుకుంటున్నా.

ముందు సరస్సు ఎలా పనిచేస్తుందో చూద్దాం

పులికాట్‌కి తెలుగులో ప్రళయకావేరి అనే పేరుంది. స.వెం. రమేశ్ గారి 'ప్రళయకావేరి కథలు' ఈ నేల కథలే. మన దేశంలో చిలికా తర్వాత అతిపెద్ద ఉప్పునీటి సరస్సు ఇదే. ఎక్కువ భాగం ఆంధ్రలో, దక్షిణం కొస తమిళనాడులో ఉంది. సముద్రానికీ దీనికీ మధ్య అడ్డంగా శ్రీహరికోట దీవి ఉంటుంది.

ఈ నీళ్ళు పూర్తి ఉప్పూ కాదు, పూర్తి మంచినీళ్ళూ కాదు. కాళంగి, ఆరణి లాంటి ఏర్లు వాననీళ్ళు తెస్తాయి. ముఖద్వారాల గుండా పోటుకి సముద్రం లోపలికి వస్తుంది, ఆటుకి వెనక్కి పోతుంది. ఈ రాకపోకలే సరస్సుకి ఊపిరి. రొయ్య పిల్లలు సముద్రంలోంచి లోపలికి వచ్చి పెరుగుతాయి. ఫ్లెమింగోలకి లోతు తక్కువ నీళ్ళు, అందులో నాచు, చిన్న చిన్న జీవులు కావాలి. దొరవారిసత్రం దగ్గర నేలపట్టు చెరువులో కడప చెట్ల మీద గూడబాతులు గూళ్ళు కట్టుకుంటాయి, కానీ మేత కోసం పులికాట్‌కి వెళ్తాయి. నేలపట్టు వాటికి ఇల్లయితే, పులికాట్ వంటిల్లు. వంటిల్లు మూతపడితే ఇంటికి ఎంత కంచె వేసినా లాభం లేదు.

ముఖద్వారం ఇసుకతో పూడిపోతే ఏమవుతుంది? ఎండాకాలంలో నీళ్ళు ఆవిరైపోతాయి, మిగిలినవి మరీ ఉప్పగా మారతాయి, చేప రాదు. అప్పుడు మొదట నష్టపోయేది పక్షి ఒక్కటే కాదు, వల వేసి బతికే మనిషి కూడా. కాబట్టి "ఉద్యోగాలా, కొంగలా" అన్న ప్రశ్నలోనే ఒక లోపం ఉంది. చేపలు పట్టడం కూడా ఉద్యోగమే. దానికి ఆఫర్ లెటర్ ఉండదు కాబట్టి మనం లెక్కలోకి తీసుకోవడం లేదు, అంతే.

మూడు ప్రశ్నలు

ఏ ప్రాజెక్టు వచ్చినా నేను ఈ మూడు అడగాలనుకుంటున్నా.

1. ఇది ఇక్కడే ఉండాలా, వేరే చోట కుదరదా?
2. తేడా వస్తే మళ్ళీ మొదటిలా చేయగలమా?
3. లాభం ఎవరికి, నష్టం ఎవరికి?

మొదట శ్రీసిటీ. 2008లో సత్యవేడు, వరదయ్యపాళెం మండలాల్లో మొదలైంది. కార్ల నుంచి చాక్లెట్ల దాకా తయారవుతాయి. ఫోన్ల ఫ్యాక్టరీలకి చుట్టుపక్కల పల్లెల నుంచి బస్సుల్లో వెళ్ళే అమ్మాయిల్ని చూస్తే, ఇంట్లో మొదటిసారి నెల జీతం అందుకున్నవాళ్ళు ఎంతమందో అనిపిస్తుంది. దాన్ని తేలిగ్గా తీసేయకూడదు. నాకూ రెండేళ్ళలో ప్లేస్‌మెంట్ కావాలి. మొదటి ప్రశ్నకి శ్రీసిటీ జవాబు బాగానే ఉంది: హైవేకి పడమర, సరస్సు అంచుని వదిలి కట్టారు. కానీ పడమట పడిన నీళ్ళు పల్లానికి, అంటే తూర్పుకే దిగుతాయి. అందుకని వాడిన నీళ్ళని శుద్ధి చేయడం మీద నిఘా ఎప్పుడూ ఉండాల్సిందే.

రెండోది శ్రీహరికోట. 1971లో ఇక్కడి నుంచి మొదటి రోహిణి రాకెట్ ఎగిరింది. రాకెట్ తూర్పుకి, సముద్రం మీదుగా వెళ్ళాలి కాబట్టి తూర్పు తీరం తప్పదు. భద్రత కోసం మనుషుల్ని దూరం పెట్టడం వల్ల అక్కడి అడవి చాలావరకు నిలబడింది. అదే సమయంలో అక్కడ బతికిన యానాదులు చోటు వదలాల్సి వచ్చింది. సూళ్లూరుపేట నుంచి దీవికి వేసిన రోడ్డు సరస్సు మధ్యలోంచి కట్టలా పోయి నీటి కదలికకి అడ్డమైంది. మనం చలికాలంలో ఫ్లెమింగోల ఫోటోలు తీసేది ఆ రోడ్డు మీద నుంచే. ఒకే ప్రాజెక్టు కాపాడిందీ, దెబ్బతీసిందీ కూడా. లెక్క నిజాయితీగా వేస్తే రెండూ రాయాలి.

మూడోది రొయ్యల చెరువులు. ఎస్. జగన్నాథ్ కేసులో 1996 డిసెంబరు 11న సుప్రీంకోర్టు చిలికా, పులికాట్ సరస్సులకి 1000 మీటర్ల లోపు రొయ్యల చెరువులు పెట్టకూడదని చెప్పింది. నేలపట్టు పేరు కూడా ఆ తీర్పులో ఉంది. చెరువుని ఇంకో చోట తవ్వుకోవచ్చు, సరస్సుని తవ్వలేం. ఆ తీర్పు వెనక ఉన్న లెక్క నాకు ఇలా అర్థమైంది.

అసలు పరీక్ష: దుగరాజపట్నం

సరస్సు ఉత్తరం కొస దగ్గర, వాకాడు మండలంలో దుగరాజపట్నం ఉంది. మద్రాసుకి వెళ్ళకముందే ఇంగ్లిష్ ఈస్టిండియా కంపెనీ ఇక్కడ స్థావరం పెట్టింది, అప్పట్లో ఆర్మగాన్ అనేవాళ్ళు. 2014 రాష్ట్ర పునర్విభజన చట్టంలో ఇక్కడ పెద్ద రేవు కడతామని, మొదటి దశ 2018 చివరికల్లా పూర్తిచేస్తామని రాశారు. అది జరగలేదు. పులికాట్, శ్రీహరికోట దగ్గర్లో ఉండటం, పక్కనే కృష్ణపట్నం రేవు ఉండటం అడ్డంకులుగా చర్చకి వచ్చాయి. ఈమధ్య అక్కడే నౌకా నిర్మాణ కేంద్రం అన్న మాట మళ్ళీ వినిపిస్తోంది.

ఇక్కడ మూడు ప్రశ్నలూ గట్టిగా అడగాలి. మన తూర్పు తీరం వెంబడి అలలు ఇసుకని ఎక్కువగా ఉత్తరానికి మోస్తుంటాయి. సముద్రంలోకి రాళ్ళగోడ కడితే ఆ ఇసుక దారి మారుతుంది. చెన్నై రేవు కట్టాక దక్షిణాన మెరీనా బీచ్ వెడల్పయింది, ఉత్తరాన రాయపురం వైపు తీరం కోతపడింది. అసలే ముఖద్వారాలు పూడిపోతున్న సరస్సు పక్కన ఇలాంటి మార్పు వస్తే సర్దుకోవడం చాలా కష్టం. సాఫ్ట్‌వేర్‌లో అయితే పాత వెర్షన్‌కి వెనక్కి వెళ్ళొచ్చు. తీరానికి బ్యాకప్ ఉండదు.

అలాగని చెడింది ఎప్పటికీ బాగుపడదని కాదు. ఒడిశాలో చిలికా పూడిపోయి 1993లో ప్రమాదంలో ఉన్న చిత్తడి నేలల జాబితాకి ఎక్కింది. ముందు కొలతలు తీసి, అధ్యయనం చేసి, 2000లో కొత్త ముఖద్వారం తవ్వారు. చేపలు తిరిగొచ్చాయి, 2002లో ఆ జాబితా నుంచి బయటపడింది. మన దగ్గర కూడా రాయదొరువు ముఖద్వారం తెరిచే పని ఎప్పటినుంచో చర్చలో ఉంది.

కాబట్టి నా అభిప్రాయం ఇది. హైవేకి పడమర ఫ్యాక్టరీలు రానివ్వండి, నీటి శుద్ధిని కచ్చితంగా తనిఖీ చేయండి. సరస్సు ముఖద్వారం పక్కన మాత్రం ముందు ముఖద్వారం తెరవండి, కొన్నేళ్ళు ఇసుకనీ ఉప్పునీ చేపనీ కొలవండి, ఆ తర్వాతే రేవు మాట. ఓడలు కట్టడానికి మన రాష్ట్రానికి పొడవైన తీరం ఉంది. ప్రళయకావేరి ఒక్కటే ఉంది.

మనం చేయగలిగింది

2006 పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషన్ ప్రకారం ఇలాంటి పెద్ద ప్రాజెక్టులకి ప్రజాభిప్రాయ సేకరణ జరపాలి. కనీసం 30 రోజుల ముందు తెలియజేయాలి. నివేదిక సారాంశం ఇంగ్లిష్‌తో పాటు స్థానిక భాషలోనూ ఇవ్వాలి. అంటే తెలుగులో. ఆ తెలుగు ఎవరికీ అర్థంకాని తెలుగైతే, వల పక్కనపెట్టి సభకి వచ్చిన మనిషి ఏం అడగగలడు?

మనకి గ్రాఫులు చదవడం వచ్చు, తెలుగూ వచ్చు. ఈసారి అలాంటి నోటీసు పడితే మన క్లబ్ ఆ సారాంశం తీసుకుని మామూలు మాటల్లో రెండు పేజీలుగా రాసి సూళ్లూరుపేట, వాకాడు ఊళ్ళలో పంచాలని నా ప్రతిపాదన. ప్రాజెక్టు మంచిదైతే మంచిదని తేలుతుంది, కాకపోతే ఏ పేజీలో తేడా ఉందో ఊరివాళ్ళే చెప్తారు. సరేనంటే వచ్చే మీటింగ్‌లో చెప్పండి.