ఉద్యోగమా, పరిశోధనా?

ప్రశ్న: డీఎస్సీలో టీచరుగా ఎంపికయ్యాను. సవర భాష మీద పరిశోధన చేయాలని ఎన్నాళ్లుగానో కోరిక. ఉద్యోగంలో చేరితే అది అటకెక్కినట్టేనా అండీ?
- ఓ పాఠకురాలు, పాతపట్నం

జవాబు: అటకెక్కనక్కర్లేదమ్మా. మీ జిల్లావారే అయిన గిడుగు రామమూర్తి గారి జీవితం చూడండి. 1863లో పర్వతాలపేటలో పుట్టారు, చిన్నతనంలోనే తండ్రి పోయారు. 1880లో మీ పక్కనే ఉన్న పర్లాకిమిడిలో బడి ఉపాధ్యాయుడయ్యారు. అది బతుకు అవసరం కోసం చేరిన కొలువే. కానీ సవర గిరిజనులు ఉండే కొండలు ఆ ఊరికి దగ్గర. తెలుగు తెలిసిన సవర మనిషిని ఇంట్లో పెట్టుకుని ఆ భాష నేర్చుకున్నారు, బి.ఏ. ప్రైవేటుగానే కట్టారు. ఆయన సవర వ్యాకరణం 1931లో అచ్చయింది. అంటే కొలువులో చేరిన అర్ధ శతాబ్దానికి. అందుకే జీతం, హోదాల కన్నా ముందు ఆ ఉద్యోగం మిమ్మల్ని ఏ మనుషుల మధ్య ఉంచుతుందో, ఎంత తీరిక మిగులుస్తుందో చూడమంటాను.

ఆ రోజులు వేరంటారేమో. నిజమే, ఇప్పటి టీచర్లకు బడిపని ఇంటిదాకా వస్తుంది, పరిశోధనకు డిగ్రీలూ కావాలి. పరిశోధనకిచ్చే జేఆర్‌ఎఫ్ ఫెలోషిప్ ఇప్పటికే చేతిలో ఉంటే నా సలహా మారుతుంది, దాన్ని వదలొద్దు. లేకపోతే ఉద్యోగంలో చేరండి. కౌన్సెలింగ్‌లో వీలుంటే సవరలు ఉండే సీతంపేట వైపు బడి కోరుకోండి. చాలామంది తప్పించుకోవాలనుకునే ఆ పోస్టింగే మీకు పనికొచ్చేది.